రోడ్డు దాటించిన తల్లులు

రోడ్డు దాటడానికి కూడా ఒక చరిత్ర ఉంటుందా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. రాజులకూ యుద్ధాలకూ చరిత్ర ఉంటుంది గానీ, బడికి పోయే పిల్ల వీధికి ఈ పక్కనుంచి ఆ పక్కకు పోవడానికి చరిత్రేమిటి అనిపించడం సహజం. కాని ఉంది. అందులో చాలా భాగం మనలాంటి ఇల్లాళ్ళే నడిపించారు. ప్రొద్దున్నే పిల్లవాడి భుజానికి సంచీ తగిలించి, "జాగ్రత్త నాయనా, అటూ ఇటూ చూసుకుని దాటు" అని గుమ్మంలో నిలబడి చెప్పేది మనమే కదా. ఆ ఒక్క మాటతో మన పని తీరిపోయిందా అన్న ప్రశ్న వేరే దేశాల తల్లులకు కూడా వచ్చింది. వాళ్ళేం చేశారో చెప్పాలని ఈవేళ నా ప్రయత్నం.

మోటారు రాక మునుపు వీధి అందరిదీ. మా అత్తగారు చెబుతుండేవారు, ఆవిడ చిన్నతనంలో జట్కావాడు వీధి మలుపు తిరిగేముందే "తప్పుకోండి, తప్పుకోండి" అని గొంతు చించుకునేవాడట. మధ్యలో పిల్లలు గోలీలాడుతుంటే గుర్రాన్ని ఆపి, వాళ్ళు లేచేదాకా తిట్టుకుంటూ నిలబడేవాడట. తిట్టినా సరే, ఆగేది బండివాడే. ఇంగ్లండులోనూ మొదట్లో ఇదే న్యాయం. 1865లో వాళ్ళు ఒక చట్టం చేశారు. ఆవిరితో నడిచే బండి పల్లెల్లో గంటకు 4 మైళ్ళు, ఊళ్ళల్లో 2 మైళ్ళు మించి పోకూడదు. పైగా బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి! ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. అయినా ఎవరివల్ల అపాయం వస్తుందో వాళ్ళే ముందుగా చెప్పుకోవాలి అన్నది తప్పుమాట కాదు కదూ! కొన్నాళ్ళకు ఆ నిబంధనలు సడలిపోయాయి. 1896లో కొత్త చట్టం చేసి గంటకు 14 మైళ్ళ దాకా పోవచ్చన్నారు.

ఆ చట్టం అమలులోకి రావడానికి కొద్దినెలల ముందు, అదే 1896 ఆగస్టు 17న, లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో వేడుక చూడడానికి బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే 44 ఏళ్ళ ఇల్లాలు వచ్చింది. వెంట కూతురు, ఒక స్నేహితురాలు. అక్కడ జనానికి చూపించడానికి తెచ్చిన మోటారుకారు ఆవిణ్ణి ఢీకొంది. ఆవిడ చనిపోయింది. బ్రిటన్‌లో పెట్రోలు కారు తగిలి చనిపోయిన మొదటి పాదచారి ఆవిడే అంటారు. విచారణలో కారు నడిపినతను నేను గంటకు 4 మైళ్ళ వేగంతోనే పోయానన్నాడు, చూసినవాళ్ళు కాదు, చాలా వేగంగా వచ్చాడన్నారు. చివరికి అది ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని తేల్చారు. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని విచారణాధికారి అన్నాడట. పాపం, మంచి మనసుతోనే అని ఉంటాడు.

ఆ తర్వాత మోటార్లు పెరిగాయి. 1934లో బ్రిటన్ రోడ్ల మీద చనిపోయినవాళ్ళు 7,343 మంది. దెబ్బలు తగిలిన వాళ్ళు రెండు లక్షల పైమాటే. అందులో సగం మంది కాలినడకన పోయేవాళ్ళు. ఆ ఏడాదే రవాణామంత్రిగా వచ్చిన లెస్లీ హోర్ బెలీషా, లండన్‌లో రోడ్డు దాటబోతూ తానే కారు కింద పడబోయి తప్పించుకున్నాడని చెప్పుకుంటారు. ఎంతైనా పెద్దలకు తగిలితేనే నొప్పి తెలుస్తుంది! మనుషులు దాటే చోట్ల నలుపూ తెలుపూ పట్టీల స్తంభం పాతి, దాని నెత్తిన నారింజరంగు బుడ్డి పెట్టించాడు. వాటికి ఆయన పేరే పడిపోయింది. ఊళ్ళల్లో గంటకు 30 మైళ్ళు మించకూడదన్నారు. 1935 నుంచి కొత్తగా బండి నడపబోయే వాళ్ళకు పరీక్ష తప్పనిసరి చేశారు. మనం ఇప్పుడు జీబ్రా అంటున్నామే, ఆ చారలు మాత్రం 1951లో చట్టంలోకి వచ్చాయి.

ఇక పిల్లల సంగతి. 1953లో ఎల్సీ మిల్స్ అనే ఆవిడ పిల్లల కోసం టఫ్టీ అనే ఉడుతను సృష్టించింది. మన రామాయణంలో ఉడుత వారధికి ఇసుక మోసింది. ఈ ఉడుత పిల్లలకు రోడ్డు దాటడం నేర్పింది. టఫ్టీ అమ్మ చెయ్యి పట్టుకుని పోయి ఐస్‌క్రీం కొనుక్కుంటాడు. విల్లీ అనే అల్లరివాడు అమ్మ లేకుండా పరుగెత్తి దెబ్బ తగిలించుకుంటాడు. కథలు ఇంతే, కాని పిల్లలకు నాటుకున్నాయి. 1961లో టఫ్టీ పేరుతో క్లబ్బులు మొదలైతే, 1970ల తొలి రోజులకు సుమారు 20 లక్షల మంది పిల్లలు సభ్యులయ్యారు. ఊరూరా ఈ క్లబ్బులు నడిపిన వాళ్ళలో తల్లులు, బడిపంతులమ్మలే ఎక్కువ. ఆ 1953లోనే, బడి దగ్గర గుండ్రటి పలక ఉన్న పొడుగు కర్ర పట్టుకుని ట్రాఫిక్కును ఆపి పిల్లల్ని దాటించే మనుషులను పెట్టడానికి కూడా చట్టం వచ్చింది. చూడ్డానికి కర్రకు గుచ్చిన పిప్పరమెంటు బిళ్ళలా ఉంటుందని వాళ్ళను లాలీపాప్ లేడీలు అని పిలిచేవారు. ఇంటిపని ముగించుకుని ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట వచ్చి నిలబడే ఆడవాళ్ళు. ఆ కర్ర ఎత్తితే ఎంతటి లారీ అయినా ఆగాల్సిందే.

ఇదంతా మంచి పనే, కాదనను. కాని ఈ చదువులో ఒక చిక్కు ఉంది. కుడివైపు చూడు, ఎడమవైపు చూడు, మళ్ళీ కుడివైపు చూడు అని పిల్లలకు ఎక్కాల్లా బట్టీ పట్టించేవారు. పిల్లలు దాన్ని అప్పచెప్పేవారు, తల అటూ ఇటూ తిప్పేవారు, ఏమీ చూడకుండానే దాటేసేవారు! మన పిల్లలు దేవుడి ముందు శ్లోకం చదువుతూ ప్రసాదం గిన్నె వంక చూడడం లేదూ, అలాగన్నమాట. ఇది గమనించే అక్కడ 1970 ప్రాంతంలో పాఠం మార్చారు. ముందు దాటడానికి మంచి చోటు వెతుక్కోవాలి, ఆగాలి, చూడాలి, చెవి ఒగ్గి వినాలి, బండి వస్తుంటే పోనివ్వాలి, ఆ తర్వాతే దాటాలి.

అయితే అసలు ప్రశ్న వేసింది స్వీడన్ దేశపు విదుషీమణి స్టీనా సాండెల్స్. ఆవిడ పిల్లల మనస్తత్వం చదువుకున్న మనిషి. చిన్నపిల్లలు రోడ్డు మీద ఎలా మసలుతారో ఏళ్ళ తరబడి పరిశీలించి 1968లో పుస్తకం రాసింది. చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో చిన్నపిల్లలు సరిగా పోల్చుకోలేరు. కుడి ఎడమల తేడా స్థిరంగా తెలియదు. మనసు ఒకదాని మీద ఉంటే రెండోది కనబడదు. బంతి రోడ్డు మీదికి దొర్లితే బంతి ఒక్కటే లోకం. ఎత్తు తక్కువ కాబట్టి ఆగి ఉన్న బండి వెనక నుంచి వాళ్ళకు రోడ్డు కనిపించదు, వాళ్ళు డ్రైవరుకు కనిపించరు. ఇవన్నీ చూసి ఆవిడ తేల్చిందేమంటే, ఎంత నేర్పినా చిన్నపిల్లను ఈ ట్రాఫిక్కుకు తగినట్టు మార్చలేమని, మారవలసింది రోడ్డేనని. పిల్లలను కన్న మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. అయిదేళ్ళవాడికి పాలగిన్నె దింపడం నేర్పుతామా? పొయ్యి వాడికి అందకుండా ఎత్తున పెట్టుకుంటాం. ఒక పక్క నేర్పుతూనే ఉంటాం, అది వేరే.

ఆ మాటను వీధిలోకి తెచ్చి గెలిపించినవాళ్ళు హాలండు తల్లిదండ్రులు. నాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన ఘట్టం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

హాలండు అంటే సైకిళ్ళ దేశం అని మనం అనుకుంటాం. అది ఆ గడ్డ మహిమ అనీ, అక్కడ పుట్టినవాళ్ళు సైకిలుతోనే పుడతారనీ అనుకుంటాం. నిజం అది కాదు. 1950ల తర్వాత వాళ్ళ చేతుల్లో డబ్బు ఆడింది, ఇంటింటా కారు వచ్చింది. సైకిళ్ళు ఏటేటా తగ్గిపోయాయి. కార్ల కోసం పాత ఇళ్ళు పడగొట్టి పెద్ద రోడ్లు వెయ్యాలని పథకాలు గీశారు. 1971 వచ్చేసరికి ఆ చిన్న దేశంలో ఒక్క ఏడాదిలో 3,000 మందికి పైగా రోడ్ల మీద పోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు! అక్కడ రోడ్డు భద్రత కోసం సంఘం లేదా అంటే 1932 నుంచీ ఉంది. బళ్ళల్లో రోడ్డు పాఠాలు చెప్పడం లేదా అంటే చెబుతున్నారు, పిల్లలకు పరీక్షలు కూడా పెడుతున్నారు. పాఠం నేర్చుకున్న పిల్లలే చనిపోతున్నారు.

విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయితకు ఆరేళ్ళ కూతురు. 1971 అక్టోబరులో సైకిలు మీద బడికి పోతూ కారు తగిలి చనిపోయింది. ఆయన కడుపుకోతను దిగమింగుకుని 1972లో తన పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దాని పేరు 'స్టాప్ డె కిండర్‌మోర్ద్'. అంటే 'పిల్లల హత్య ఆపండి' అని. ప్రమాదం అనలేదు, విధి అనలేదు, హత్య అన్నాడు. ఆ మాటకు చాలామంది ఉలిక్కిపడి ఉంటారు. కాని ఇళ్ళల్లో ఉన్న తల్లులకు అది నేరుగా తగిలింది. అదే పేరుతో ఒక సంఘం ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షురాలు మార్టియా వాన్ పుట్టెన్. అప్పటికి ఆవిడ చిన్నవయసు తల్లి, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండేది. తర్వాత 1989 నుంచి పదేళ్ళు యూరప్ పార్లమెంటులో సభ్యురాలిగా పనిచేసింది.

వాళ్ళు ఏం చేశారో చూడండి. రాళ్ళు వెయ్యలేదు, బస్సులు తగలబెట్టలేదు. పిల్లల్ని వెంటపెట్టుకుని సైకిళ్ళ మీద ఊరేగింపులు తీశారు. ప్రమాదాలు జరిగే కూడళ్ళలో వెళ్ళి నిలబడ్డారు. ఒకరోజు వీధికి రెండు వైపులా అడ్డం పెట్టి, ఇంట్లోంచి బల్లలూ కుర్చీలూ తెచ్చి వీధి మధ్యలో వేసి, అందరూ కలిసి భోజనాలు చేశారు. మన వినాయకచవితి పందిరి దగ్గర వీధివాళ్ళంతా కూర్చున్నట్టే. పోలీసులు అడ్డుచెప్పడం మాట అటుంచి, సాయం కూడా చేశారట. ఇంకోసారి సైకిళ్ళ మీద పాటలు పాడుకుంటూ సాక్షాత్తూ ప్రధానమంత్రి జూప్ డెన్ ఉల్ ఇంటికే పోయి, మా పిల్లలకు భద్రమైన వీధులివ్వండి అని అడిగారు.

అదృష్టమో దురదృష్టమో, 1973లో అరబ్బు దేశాలు పెట్రోలు బిగబట్టాయి. నవంబరు 4న మొదలుపెట్టి కొన్ని ఆదివారాలు కార్లు బయటికి తీయకూడదని ఆ ప్రధానమంత్రే ఉత్తరువు వేశాడు. జనం పెద్ద పెద్ద రహదారుల మీద సైకిళ్ళు తొక్కారు, పిల్లలు చక్రాల బూట్లు కట్టుకుని జారారు. కార్లు లేని వీధి ఎలా ఉంటుందో తెలియని తరం మొదటిసారి కళ్ళారా చూసింది. ఆ తల్లులు చెబుతున్నదేమిటో వేరే ఉపన్యాసం అక్కర్లేకుండానే అర్థమైంది.

తర్వాత పనులు ఒక్కొక్కటే జరిగాయి. డెల్ఫ్ట్ అనే ఊళ్ళో అంతకుముందే కొన్ని వీధుల్లో కొత్త పద్ధతి మొదలుపెట్టి ఉన్నారు. రోడ్డును తిన్నగా కాకుండా వంకరలు తిప్పడం, మధ్యమధ్య చెట్లు, బెంచీలు పెట్టడం. కారు పోవచ్చు గాని మనిషి నడిచినంత నెమ్మదిగా పోవాలి. దానికి వోనెర్ఫ్ అని పేరు, ఇళ్ళ ముంగిలి అని మనం చెప్పుకోవచ్చు. 1976లో దీనికి చట్టంలో చోటు దొరికింది. ఆ వీధుల మొదట్లో పెట్టే నీలం పలక మీద ఒక ఇల్లు, బంతాట ఆడుతున్న పిల్లవాడి బొమ్మ ఉంటాయి. 1975లో సైకిలు తొక్కేవాళ్ళు వేరే సంఘం పెట్టుకున్నారు. టిల్‌బర్గ్, హేగ్ నగరాల్లో సైకిళ్ళకు ప్రత్యేకమైన బాటలు వేసి చూశారు. కార్లు రాకపోతే మా బేరాలు పోతాయని హేగ్‌లో దుకాణదారులు గోల చేశారు కూడా. ఏ ఊళ్ళోనైనా రోడ్డు పని మొదలుపెడితే ముందు వినిపించేది ఆ గొంతే.

చట్టం కూడా తల్లుల పక్షానికి జరిగింది. అక్కడ 14 ఏళ్ళలోపు పిల్ల నడుస్తూనో సైకిలు తొక్కుతూనో ఉండగా మోటారు తగిలితే, పిల్లదే పొరపాటైనా సరే, నష్టపరిహారం దాదాపు ఎప్పుడూ మోటారు వైపు వాళ్ళే ఇచ్చుకోవాలి. పిల్ల పిల్లలాగే ప్రవర్తిస్తుందని పెద్దవాడు ముందే ఊహించుకుని నడపాలన్నమాట.

మరి ఇన్ని చేశాక పిల్లలకు నేర్పడం మానేశారా అంటే, లేదు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు బడిలో రాతపరీక్ష, తర్వాత నిజమైన వీధుల్లో సైకిలు పరీక్ష పెడతారు. నంబరు వేసిన చొక్కా తగిలించుకుని పిల్ల ఒక్కతే ఆ దారంతా తొక్కుకుంటూ పోవాలి. మలుపు మలుపుకూ తల్లిదండ్రులు కాగితం పట్టుకుని నిలబడి, చెయ్యి చూపించిందా, వెనక్కి తిరిగి చూసిందా అని మార్కులు వేస్తారు. 1971లో 400 దాటిన పిల్లల చావులు 2010లో 14కి దిగాయి. ఆ పధ్నాలుగు ఇళ్ళల్లోనూ తల్లులున్నారు, నిజమే. పైగా ఇటీవల అక్కడ బ్యాటరీ సైకిళ్ళు వచ్చాక ముసలివాళ్ళు పడి చనిపోవడం ఎక్కువైందని దిగులు పడుతున్నారు. పని పూర్తయిందని వాళ్ళూ అనుకోవడం లేదు.

మన సంగతికి వద్దాం. ఒకప్పుడు మన ఊళ్ళల్లో సైకిలుకు వెనక ఇద్దరు ఎక్కినా, రాత్రి దీపం లేకపోయినా పోలీసు పట్టుకునేవాడు. మా అన్నయ్య దీపం ఖర్చుకు వెనకాడి, పోలీసు కనబడగానే దిగి నడిపించుకుని పోయేవాడు. గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని పిల్లలు ఖాళీ వీధుల్లో నేర్చుకునేవారు. ఆ ఖాళీ వీధులు ఇప్పుడేవి? 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,000 మందికి పైగా చనిపోతే, అందులో 32,000 మందికి పైగా నడిచిపోయేవాళ్ళే. ఆడపిల్లల చదువు ఆగిపోకూడదని 2006లో బీహారులోనూ, తర్వాత కొన్నేళ్ళకు ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతోనూ తొమ్మిదో తరగతి అమ్మాయిలకు ప్రభుత్వాలు సైకిళ్ళు ఇచ్చాయి. చాలా గొప్ప పని. నా మాట ఏమిటంటే, సైకిలు ఇచ్చిన చేత్తోనే ఆ పిల్ల తొక్కే దారి కూడా ఒకసారి చూసి ఉంటే బాగుండేది. 2023లో హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి పైన సౌరఫలకాల కప్పు కూడా వేశారు. ఎండ తగలదు, అందంగా ఉంటుంది. వ్యాయామానికి పోయేవాళ్ళకు బాగుంది. పాలపాకెట్టు తెచ్చే కుర్రాడికీ, బడికి పోయే పిల్లకూ దానితో పని పడదు.

రోడ్డు మారేదాకా పిల్లను ఇంట్లో కూర్చోబెట్టుకోలేం కదా. మన చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను. పిల్లకు గుమ్మంలో నిలబడి కాకుండా, రోడ్డు మీదికే తీసుకెళ్ళి నేర్పండి. రోజూ దాటే చోటునే దాటించండి. వేలు కాదు, మణికట్టు పట్టుకోండి, వేలైతే విదిలించుకుని పోతారు. "ఇప్పుడు దాటవచ్చా?" అని వాళ్ళనే అడగండి. ఎందుకు దాటవచ్చో చెప్పించండి. ఒక్కసారి మీరు పిల్ల ఎత్తుకు వంగి చూడండి, ఆగి ఉన్న ఆటో వెనక నుంచి ఏమీ కనబడదని మీకే తెలుస్తుంది. బ్యాటరీ స్కూటర్లు చప్పుడు చెయ్యవు, వాటికి చెవి చాలదు, కన్ను కావాలి. కాలిబాట లేని రోడ్డు మీద కుడిపక్కన, ఎదురుగా వచ్చే బళ్ళు కనబడేట్టు నడవాలి. ఎడమపక్కన నడిస్తే బండి వీపు వెనక నుంచి వస్తుంది. సైకిలుకు గంట, రెండు బ్రేకులు, వెనక ఎర్రబిళ్ళ ఉన్నాయో లేదో నెలకోసారి చూడండి. చీకటి పడ్డాక పిల్లకు లేతరంగు బట్టలు వెయ్యండి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

మా పేటలో ఒక బడి ముందు నిరుడు జూన్‌లో ఇద్దరు తల్లులు, ఒక రిటైరైన మాస్టారు కలిసి ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింటి దాకా పిల్లల్ని దాటించడం మొదలుపెట్టారు. చేతిలో ఉన్నదల్లా ఎర్రరంగు వేసిన ఒక అట్ట, వెదురుకర్రకు కట్టింది. మొదటి వారం స్కూటర్లవాళ్ళు విసుక్కున్నారు, హారను మోగించారు, ఒకాయన "మీరెవరండీ ఆపడానికి?" అని కూడా అడిగాడు. "ఈ పిల్లల తల్లులమండీ" అంది ఆ ఇద్దరిలో ఒకావిడ. ఇప్పుడు పదకొండు మంది వంతులవారీగా వస్తున్నారు. ఆ చోట చారలు గీయించి, బండ్లు నెమ్మదించేలా చిన్న ఎత్తు వేయించమని అర్జీ రాసి సంతకాలు పెట్టించారు. చారలు దసరాకు ముందు గీశారు, సంక్రాంతికి సగం చెరిగిపోయాయి. ఎత్తు కోసం రెండో అర్జీ ఇచ్చి ఉన్నారు. నా సంతకం అందులో ముప్ఫయ్యారోది.